థాంక్స్‌గివింగ్ టర్కీ మిగిలిందా? ఎండిపోకుండా, ముద్ద కాకుండా బేక్డ్ పాస్తా చేసే పద్ధతి

నవంబరు నాలుగో గురువారం విందు అయిపోతుంది. శుక్రవారం పొద్దున ఫ్రిజ్ తెరిస్తే సగం టర్కీ అలాగే ఉంటుంది. కూర వండితే పీచు పీచుగా అవుతుంది, బిర్యానీలో కలిపితే చప్పగా తగులుతుంది. ఇంట్లో అందరూ తినేలా దాన్ని వాడేయడానికి బేక్డ్ పాస్తా మంచి దారి. అయితే చేసినవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులు మూడే: ముక్కలు ఎండిపోయాయి, పాస్తా ముద్దయింది, సాస్ విరిగింది.

మూడింటికీ కారణం దాదాపు ఒకటే, వండినదాన్నే మళ్లీ వండడం. టర్కీ నిన్ననే పూర్తిగా ఉడికింది, పాస్తా పొయ్యి మీద ముప్పావు వంతు ఉడుకుతుంది. ఓవెన్‌కు మిగిలిన పని వేడి చేయడం, పైపొర ఎర్రగా కాల్చడం. కింద చెప్పిన కొలతలు, వరుస అన్నీ ఆ లెక్క మీదే ఉన్నాయి.

1. ముందు టర్కీ పనికొస్తుందో లేదో చూడండి

ఓవెన్‌లోంచి తీసిన టర్కీ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన విందులు మధ్యాహ్నం మూడింటికి మొదలై పేకాటతో రాత్రి పది దాటతాయి, టర్కీ అంతసేపూ బల్ల మీదే ఉంటుంది. అలా ఉన్నదాన్ని పారేయడమే మంచిది. మళ్లీ బాగా వేడి చేస్తే సరిపోతుందనుకోవద్దు. కొన్ని బ్యాక్టీరియాలు వదిలిన విషం వేడికి పోదు.

సరిగ్గా దాచిన టర్కీ ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులు ఉంటుంది. గురువారం వండినదానికి సోమవారం ఆఖరి గడువు. అప్పటికి చేయలేమనిపిస్తే ముక్కలు చేసి, గాలి తీసేసిన జిప్ బ్యాగుల్లో ఫ్రీజర్‌లో పెట్టండి.

దాచేముందు మాంసాన్ని ఎముకల నుంచి విడదీయండి. మొత్తం టర్కీని అలాగే ఫ్రిజ్‌లో పెడితే లోపలి భాగం చల్లారడానికి చాలా సేపు పడుతుంది. కడుపులో స్టఫింగ్ (కూరిన బ్రెడ్ మిశ్రమం) ఉంటే దాన్నీ తీసి వేరే గిన్నెలో పెట్టాలి.

2. కావలసినవి

9×13 అంగుళాల ట్రేకు సరిపడే కొలతలివి. ఎనిమిది మంది తినొచ్చు. కప్పు అంటే 240 మిల్లీలీటర్ల అమెరికన్ కప్పు.

- పొట్టి పాస్తా (పెన్నే, రొటీని లేదా కవటాపీ): 340 గ్రాములు
- వండిన టర్కీ ముక్కలు: 3½ కప్పులు, సుమారు 500 గ్రాములు
- బటన్ లేదా క్రిమినీ పుట్టగొడుగులు: 225 గ్రాములు
- ఉల్లిపాయ: 1 పెద్దది, సన్నగా తరిగినది
- వెల్లుల్లి: 4 రెబ్బలు
- ఫ్రోజెన్ పచ్చి బఠానీలు: 1 కప్పు
- ఉప్పు వేయని వెన్న: సాస్‌కు 4 టేబుల్ స్పూన్లు, పైపొరకు 2
- నూనె: 1 టేబుల్ స్పూన్
- మైదా: 5 టేబుల్ స్పూన్లు, సుమారు 40 గ్రాములు
- టర్కీ లేదా చికెన్ స్టాక్ (ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లు), ఉప్పు లేనిది: 2½ కప్పులు
- చిక్కటి పాలు: 1½ కప్పులు
- షార్ప్ చెడ్డార్: 115 గ్రాములు
- పార్మెజాన్: 50 గ్రాములు
- పాంకో బ్రెడ్ పొడి: ¾ కప్పు
- మిరియాల పొడి: 1 టీ స్పూన్, ఎండు థైమ్: ½ టీ స్పూన్

చీజ్ గురించి ఒక మాట. తురిమి ప్యాకెట్లో అమ్మేదానికి అతుక్కోకుండా పిండి పదార్థమో సెల్యులోజో పట్టిస్తారు. దానితో చేసిన సాస్ నున్నగా రాదు. ముద్ద చీజ్ కొని ఇంట్లో తురుముకోండి, ఐదు నిమిషాల పని.

పాలు స్కిమ్ మిల్క్ అయితే సాస్ పల్చగా, విరిగే గుణంతో వస్తుంది. కనీసం 2 శాతం కొవ్వు ఉన్నవి వాడండి.

3. ఎముకలతో స్టాక్: వీలుంటే మానొద్దు

డబ్బా స్టాక్‌తో పని జరుగుతుంది. కానీ ఎముకలు ఇంట్లోనే ఉన్నాయి, రుచిలో తేడా కూడా బాగా తెలుస్తుంది.

ఎముకల గూడును విరిచి ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) వేయండి. సగం కోసిన ఉల్లిపాయ, ఒక క్యారెట్, రెండు సెలరీ కాడలు, పది మిరియాలు, ఒక బిర్యానీ ఆకు జతచేసి మునిగేంత నీళ్లు పోయండి. గిన్నె లోపలి గరిష్ఠ గీత దాటకూడదు. హై ప్రెషర్‌లో 60 నిమిషాలు ఉంచి, ఆవిరి తనంతట తాను పోయేదాకా ఆగండి. మామూలు గిన్నెలో అయితే సన్నని మంట మీద మూడు గంటలు. ఉప్పు వేయొద్దు.

వడకట్టిన స్టాక్‌ను వెడల్పాటి గిన్నెల్లోకి పోసి, చల్లని నీళ్లున్న సింక్‌లో పెట్టి చల్లార్చాక ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి జెల్లీలా గడ్డకడితే పాడైందని కంగారుపడకండి. అది ఎముకల్లోంచి దిగిన జెలటిన్, సాస్‌కు చిక్కదనం ఇచ్చేది అదే. పైన తేలిన కొవ్వు తీసేస్తే చాలు.

4. టర్కీని సిద్ధం చేయడం

రొమ్ము భాగం తెల్లగా, పొడిగా ఉంటుంది. కాలు, తొడ మాంసం కొవ్వుతో మెత్తగా ఉంటుంది. సగం సగం కలిపితే బాగుంటుంది. అంతా రొమ్ము మాంసమే మిగిలితే ముక్కల మీద అర కప్పు గోరువెచ్చని స్టాక్ చల్లి, సాస్ తయారయ్యేదాకా మూతపెట్టి ఉంచండి. ఇది కొలతల్లో చెప్పిన స్టాక్‌కు అదనం.

ముక్క పరిమాణం దాదాపు 2 సెంటీమీటర్లు. దారాల్లా చీల్చొద్దు. సన్నటి పీచు ఓవెన్‌లో ముందు ఎండుతుంది, సాస్‌నూ ఎక్కువ పీల్చేస్తుంది.

చర్మం సాస్‌లో వేస్తే రబ్బరులా సాగుతుంది, తీసేయండి. ముక్కలను విడిగా వేయించడం, మైక్రోవేవ్‌లో వేడి చేయడం రెండూ వద్దు. ఫ్రిజ్‌లో ఉన్న టర్కీని మళ్లీ వేడి చేస్తే వచ్చే ఒకరకమైన పాత వాసన కొవ్వు ఆక్సిజన్‌తో కలవడం వల్ల పుడుతుంది. సాస్‌లో మునిగిన ముక్కకు గాలి తక్కువ తగులుతుంది, మిరియాలు, థైమ్ మిగతా వాసనను కప్పేస్తాయి.

మసాలా పట్టించి, పెరుగులో నానబెట్టి కాల్చిన టర్కీ అయితే పైన అంటుకున్న మసాలాను చెంచాతో గీకేయండి. థైమ్ మానేసి, వేయించిన జీలకర్ర పొడి అర టీ స్పూన్ వేయండి. తెల్ల సాస్ కాస్త గోధుమ రంగుకు తిరుగుతుంది, ఫరవాలేదు. గరం మసాలా మాత్రం చీజ్ సాస్‌తో పొసగదు. కారం కావాలంటే ఉల్లిపాయతో పాటు రెండు పచ్చిమిర్చి చాలు.

5. పొయ్యి వెలిగించేముందు

- ఓవెన్ 375 డిగ్రీల ఫారన్‌హీట్ (190 సెల్సియస్) దగ్గర, మధ్య ర్యాక్ ఖాళీగా
- ట్రేకు వెన్న రాసి పక్కన
- చీజ్ తురిమి, గది వేడికి వచ్చి
- స్టాక్, పాలు గోరువెచ్చగా (కాగక్కర్లేదు)
- టర్కీ ముక్కలు తరిగి
- బఠానీలు ఫ్రీజర్‌లోనే (కరిగించే పని లేదు)
- పాంకో, 2 టేబుల్ స్పూన్ల కరిగించిన వెన్న, పార్మెజాన్‌లో సగం ఒక గిన్నెలో కలిపి

కన్వెక్షన్ (ఫ్యాన్ ఉన్న) ఓవెన్ అయితే వేడి 25 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గించండి. విందుకు వాడే అల్యూమినియం ట్రేలో చేస్తుంటే కింద గట్టి బేకింగ్ షీట్ తప్పనిసరి. నిండుగా ఉన్న ట్రేను చేత్తో ఎత్తితే మధ్యలో వంగిపోతుంది.

6. పుట్టగొడుగులు, ఉల్లిపాయ

వెడల్పాటి మూకుడులో నూనె వేడెక్కాక ముక్కలు చేసిన పుట్టగొడుగులు వేసి పెద్ద మంట మీద వేయించండి. ముందు నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లు పూర్తిగా ఇగిరి, అంచులు ఎరుపెక్కేదాకా, అంటే సుమారు 8 నిమిషాలు ఆగండి. ఇక్కడ తొందరపడితే ఆ నీళ్లు ఓవెన్‌లో ఊరి ట్రే అడుగున చేరతాయి.

తర్వాత ఉల్లిపాయ వేసి మెత్తబడేదాకా 4 నిమిషాలు, వెల్లుల్లి వేసి అర నిమిషం. అన్నీ ఒక గిన్నెలోకి తీసేయండి.

7. సాస్: అసలు పనితనం ఇక్కడే

పాస్తా కంటే ముందు సాస్ తయారవ్వాలి. సాస్ పాస్తా కోసం ఎదురుచూడొచ్చు, పాస్తా సాస్ కోసం ఎదురుచూస్తే ఒకదానికొకటి అంటుకుపోతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో 4 టేబుల్ స్పూన్ల వెన్న కరిగించి మైదా వేయండి. సన్నని మంట మీద 2 నిమిషాలు కలుపుతూ వేయించండి. నురగ కట్టి, పచ్చి పిండి వాసన పోయి, బిస్కెట్ వాసన రావాలి. రంగు మారనక్కర్లేదు.

ఇప్పుడు గోరువెచ్చని స్టాక్ అర కప్పు పోసి విస్క్‌తో గట్టిగా కలపండి. ఉప్మా ముద్దలా గట్టిపడుతుంది, భయపడొద్దు. ఆ ముద్ద నున్నగా అయ్యాకే ఇంకో అర కప్పు. ఇలా మూడు విడతలయ్యాక మిగతా స్టాక్, పాలు ఒకేసారి పోసేయొచ్చు. ఉండలు కట్టేది మొదటి విడతల్లోనే.

మధ్యస్థ మంట మీద కలుపుతూ ఉడుకు పట్టనివ్వండి. బుడగలు మొదలయ్యాక మంట తగ్గించి 5 నిమిషాలు. గరిట వెనక వేలితో గీత గీస్తే గీత నిలవాలి, కానీ సాస్ ధారగా కారాలి. చూడ్డానికి పలుచన అనిపిస్తుంది. అలాగే ఉండాలి. పాస్తా ఓవెన్‌లో ఇంకా తాగుతుంది, చీజ్ కొంత చిక్కదనం ఇస్తుంది. పొయ్యి మీద సరిగ్గా కుదిరిందనిపించిన సాస్ బల్ల మీదకు వచ్చేసరికి సిమెంటు అవుతుంది.

పొయ్యి ఆర్పి ఒక నిమిషం ఆగి, చెడ్డార్, మిగిలిన పార్మెజాన్ గుప్పెడు గుప్పెడుగా వేసి కలపండి. మరుగుతున్న సాస్‌లో చీజ్ వేస్తే నూనె వేరుపడి పలుకులు తేలుతుంది. మిరియాల పొడి, థైమ్ ఇప్పుడే.

ఉప్పు ఇంకా వేయొద్దు. చాలా టర్కీలు దుకాణంలోనే ఉప్పునీటి ఇంజెక్షన్‌తో వస్తాయి, కొన్నిటిని ఇంట్లో మళ్లీ ఉప్పునీటిలో నానబెడతారు. చీజ్ ఉప్పన. ఒక టర్కీ ముక్కను సాస్‌లో ముంచి తినండి. అప్పుడు తేలుతుంది ఎంత కావాలో. చాలాసార్లు ఏమీ అక్కర్లేదు.

నిమ్మరసం పిండాలనిపిస్తే పళ్లెంలో పిండుకోండి. పాల సాస్‌లో వేసి బేక్ చేస్తే విరిగే అవకాశం ఉంది.

8. పాస్తా ఉడికించడం

పెద్ద గిన్నెలో 4 లీటర్ల నీళ్లు, 1 టేబుల్ స్పూన్ ఉప్పు. పాకెట్ మీద రాసిన సమయానికి 3 నిమిషాల ముందే దించండి. 11 నిమిషాలని ఉంటే 8. కొరికితే మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనిపించాలి.

వడకట్టేముందు ఒక కప్పు ఉడికిన నీళ్లు తీసి పెట్టుకోండి. పాస్తాను చన్నీళ్లతో కడగొద్దు, పైనున్న పిండి సాస్ పట్టడానికి కావాలి.

9. కలపడం, బేక్ చేయడం

వరుస ఇది:

1. వేడి పాస్తాను సాస్‌లో వేసి బాగా కలపండి.
2. పుట్టగొడుగులు, ఉల్లిపాయ, బఠానీలు వేయండి.
3. ఆఖర్న టర్కీ, చల్లిన స్టాక్‌తో సహా. ఇక్కడి నుంచి నెమ్మదిగా, అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి.
4. గరిటతో ఎత్తి వదిలితే మిశ్రమం జారి పడాలి. ముద్దగా పడితే తీసిపెట్టిన పాస్తా నీళ్లు పావు కప్పు చొప్పున కలపండి.
5. ట్రేలోకి వేసి చదును చేయండి. నొక్కొద్దు. అంచుకు అర అంగుళం కిందే ఆగాలి.
6. ఫాయిల్ కప్పి 15 నిమిషాలు.
7. ఫాయిల్ తీసి, పాంకో మిశ్రమం చల్లి, ఇంకో 12 నుంచి 15 నిమిషాలు.

అంచుల్లో బుడగలు వచ్చి, పైన బంగారు రంగు రావాలి. థర్మామీటర్ ఉంటే సరిగ్గా మధ్యలో గుచ్చండి, 165 డిగ్రీల ఫారన్‌హీట్ (74 సెల్సియస్) చూపాలి. అంచులు ఉడుకుతున్నా మధ్య భాగం చల్లగా ఉండడం మామూలే.

రంగు రాకపోతే బ్రాయిలర్ (ఓవెన్ పైనున్న వేడి) కింద ఒకటి రెండు నిమిషాలు, కళ్లు తిప్పకుండా. గాజు ట్రే అయితే బ్రాయిలర్ మాట మరిచిపోండి, పగులుతుంది.

తీశాక 10 నిమిషాలు ఆగాలి. వెంటనే గరిట పెడితే సాస్ ఒకవైపు, పాస్తా ఒకవైపు పోతాయి.

10. శాకాహారులు కూడా వస్తుంటే

సాస్‌ను మొదటి నుంచీ వెజిటబుల్ స్టాక్‌తో చేసి, టర్కీ వేసేముందు మూడో వంతు పాస్తా చిన్న ట్రేలోకి తీసేయండి. అందులో వేయించిన పనీర్ ముక్కలు, ఇంకొన్ని పుట్టగొడుగులు. పెద్ద ట్రేలోకి టర్కీ ముక్కలు మూడో వంతు తగ్గించండి. గరిటలు, థర్మామీటర్ వేరుగా ఉంచండి.

చాలామంది గమనించనిది చీజ్. అసలైన ఇటలీ పార్మెజాన్‌ను దూడ పొట్ట నుంచి తీసే రెనెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు. కచ్చితమైన శాకాహారులకు పెట్టేటప్పుడు లేబుల్ మీద వెజిటేరియన్ రెనెట్ అని ఉన్న చీజ్‌లే కొనండి.

11. మిగతా విందు వంటకాల్లో ఏవి కలపొచ్చు

గ్రేవీ ఒక కప్పు ఉంటే ఒక కప్పు స్టాక్ తగ్గించి, మైదా 4 టేబుల్ స్పూన్లకు దించండి. గ్రేవీలో పిండి, ఉప్పు ఇప్పటికే ఉంటాయి.

స్టఫింగ్‌ను నలిపి కాస్త వెన్నతో కలిపి పాంకో బదులు పైన చల్లితే పాంకో కంటే బాగుంటుంది. వేపిన బీన్స్, బ్రసెల్స్ స్ప్రౌట్స్ చిన్నగా తరిగి ఒక కప్పు దాకా వేయొచ్చు. పాలకూర వేస్తే నీళ్లు గట్టిగా పిండాలి. క్రాన్‌బెర్రీ సాస్ పక్కన పెట్టుకు తినడానికే, మార్ష్‌మెల్లో వేసిన చిలగడదుంప దీని దగ్గరికి రానివ్వొద్దు.

12. తేడా వస్తే

*సాస్ ఉండలు కట్టింది.* చీజ్ వేయకముందే చూసుకుంటే హ్యాండ్ బ్లెండర్‌తో అర నిమిషం తిప్పండి, లేదా జల్లెడలో వడకట్టండి.

*సాస్ పలుకులుగా విరిగింది.* వేడి ఎక్కువైంది. పొయ్యి మీద నుంచి దించి, రెండు టేబుల్ స్పూన్ల చల్లని పాలు పోసి గట్టిగా కలపండి. కొద్దిగా విరిగినదైతే కలుస్తుంది. పూర్తిగా నూనె తేలితే బ్లెండర్ ఒక్కటే గతి.

*ఉప్పెక్కువైంది.* బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు. అది కొంత సాస్ పీల్చుకుంటుంది తప్ప ఉప్పును ఏరుకుని లాగదు. ఉప్పు లేకుండా ఉడికించిన పాస్తా ఇంకో 100 గ్రాములు, అర కప్పు పాలు కలిపి మొత్తాన్ని పెంచండి.

*పైపొర మెత్తబడింది.* పాంకోను మొదటి నుంచే ఫాయిల్ కింద పెట్టారు, ఆవిరి పట్టింది. ఫాయిల్ తీసి 5 నిమిషాలు ఎక్కువ ఉంచండి.

*అడుగున నీళ్లు.* పుట్టగొడుగులు సరిగ్గా వేగలేదు, లేదా ఫ్రోజెన్ టర్కీ కరిగాక వచ్చిన నీళ్లు వంపలేదు. ఈసారికి పది నిమిషాలు ఎక్కువ ఆగితే పాస్తా కొంత తాగేస్తుంది.

*ఎండిపోయి బయటికొచ్చింది.* అర కప్పు వేడి స్టాక్ అంచుల వెంట పోసి, ఫాయిల్ కప్పి ఓవెన్ ఆర్పి లోపలే 10 నిమిషాలు ఉంచండి.

13. ముందురోజు చేసి పెట్టడం, ఫ్రీజ్ చేయడం

ముందురోజే కలిపి పెట్టాలంటే పాస్తాను ఇంకో నిమిషం ముందే దించండి, సాస్‌లో అర కప్పు స్టాక్ అదనంగా పోయండి. రాత్రంతా పాస్తా తాగుతూనే ఉంటుంది. పాంకో బేక్ చేసేటప్పుడే చల్లాలి. ఫ్రిజ్ నుంచి తీసినదానికి ఫాయిల్ కింద 30 నిమిషాలు, తీశాక 15. చల్లటి గాజు ట్రేను వేడెక్కిన ఓవెన్‌లోకి నేరుగా తోయకండి. ముందురోజు పని అనుకుంటే మెటల్ ట్రేలోనే చేయండి.

ఫ్రీజ్ చేయాలంటే చిన్న ట్రేలు రెండు మేలు. బేక్ చేయకుండా, పూర్తిగా చల్లార్చి, మీద ప్లాస్టిక్ ర్యాప్ తగిలేలా పరిచి, దానిపై ఫాయిల్ బిగించండి. రెండు నెలల్లో వాడేస్తే రుచి తగ్గదు. ముందురోజు ఫ్రిజ్‌లోకి మార్చి కరిగించి, ప్లాస్టిక్ తీసేసి బేక్ చేయండి. టర్కీ ఒకసారి ఫ్రీజర్‌లో ఉండి వచ్చినదైనా ఫ్రిజ్‌లోనే కరిగించి ఉంటే మళ్లీ ఫ్రీజ్ చేయొచ్చు, కాకపోతే ముక్క కాస్త పొడిబారుతుంది.

మిగిలిన వడ్డనను వేడి చేసేటప్పుడు పళ్లేనికి ఒక టేబుల్ స్పూన్ పాలు చల్లి, మూతపెట్టి, మైక్రోవేవ్‌లో సగం పవర్‌తో 2 నిమిషాలు. మధ్యలో ఒకసారి కలిపి, పొగలు వచ్చేదాకా చూడండి. సోమవారం గడువుకు చేసిన ట్రే అయితే మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో మళ్లీ నాలుగు రోజులు నాననివ్వకుండా ఆ రాత్రికే డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టేయండి. మీద తేదీ రాయండి.

14. టర్కీ దొరకని చోట

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్రిస్మస్ మర్నాడు రోస్ట్ చికెన్ మిగిలితే ఇదే లెక్క పనిచేస్తుంది. చికెన్ ముక్క టర్కీ కంటే మెత్తన కాబట్టి స్టాక్ చల్లే పని లేదు. చెడ్డార్ బదులు ప్రాసెస్డ్ చీజ్ వాడితే సాస్ విరగదు, కానీ ఉప్పెక్కువ, ఉప్పు అసలు వేయొద్దు.

చిన్న ఓటీజీలో 9×13 ట్రే పట్టదు. కొలతలన్నీ సగం చేసి 8 అంగుళాల చదరపు ట్రేలో, 190 సెల్సియస్ దగ్గర ఫాయిల్ కింద 12 నిమిషాలు, తీశాక 10. పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫాయిల్ తీసిన ఐదో నిమిషం నుంచే చూస్తూ ఉండండి. ఒకపక్క నల్లబడుతుంటే ట్రేను వెనక్కి ముందుకి తిప్పి పెట్టండి, అప్పటికీ ఆగకపోతే పై రాడ్ ఆపి కింది రాడ్‌తో ముగించండి.